రిఫండ్ మెయిల్ వచ్చిందా? లింక్ నొక్కే ముందు ఇవి చూడండి

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల సీజన్ మొదలైందంటే నకిలీ మెయిళ్ల సీజన్ కూడా మొదలైనట్టే. రిటర్ను వేసిన ప్రతి ఒక్కరూ రిఫండ్ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటారు, మోసగాడికి కావాల్సింది అదే. మీరు రిటర్ను వేశారో లేదో, మీకు ఎంత రావాలో వాడికి తెలియదు. లక్షల మందికి ఒకటే మెయిల్ పంపిస్తాడు. అందులో కొందరికి అది అచ్చం తమకోసమే రాసినట్టు ఉంటుంది.

2023లో జోరుగా తిరిగిన ఒక సందేశాన్నే చూడండి. "మీకు 15,490 రూపాయల రిఫండ్ మంజూరైంది, త్వరలో జమవుతుంది" అని మొదలవుతుంది. తర్వాత మధ్య అంకెలు దాచిన ఒక ఖాతా నంబరు ఉంటుంది. "ఇది సరైనది కాకపోతే కింది లింకులో మీ బ్యాంకు వివరాలు మార్చుకోండి" అని ముగుస్తుంది. అది నకిలీదని కేంద్ర ప్రభుత్వం తరఫున నిజానిజాలు తేల్చే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం అప్పుడే ప్రకటించింది. కిటుకంతా ఆ ఖాతా నంబరులోనే ఉంది. అది మీది కాదు కాబట్టే పనిచేస్తుంది. చూడగానే "నా డబ్బు ఎవరి ఖాతాలోకో పోతోందే" అని గుండె జల్లుమంటుంది. ఆ కంగారులో లింక్ తెరిచి, అసలు నంబరు మన చేత్తో మనమే టైప్ చేసి ఇచ్చేస్తాం.

మెయిల్‌ని చూసి నకిలీదని పసిగట్టడం నేర్చుకోవాల్సిందే. కానీ దాని మీదే భారం వేయకండి. ఇంగ్లిషు తప్పులు చూసి పట్టేసే రోజులు పోయాయి, ఏఐతో రాయించిన మెయిళ్లలో ఒక్క అచ్చుతప్పు కూడా దొరకదు. అంతకంటే గట్టి పద్ధతి ఒకటుంది. మెయిల్ ఏం చెప్పినా సరే, మెయిల్ చూపించిన దారిలో వెళ్లకండి. మీ సొంత దారిలో ఐటీ శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌కి వెళ్లి చూడండి. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క అలవాటుకు తోడుగా ఉండేవే.

1. అసలు రిఫండ్ ఎలా వస్తుందో ముందు తెలుసుకోండి

మీరు రిటర్నును ఈ-వెరిఫై చేశాక బెంగళూరులోని శాఖ ప్రాసెసింగ్ కేంద్రం, అంటే సీపీసీ, దాన్ని ప్రాసెస్ చేస్తుంది. లెక్క తేలాక చట్టంలోని 143(1) సెక్షన్ కింద ఇంటిమేషన్, అంటే ఆ లెక్క చెప్పే పత్రం పంపుతుంది. రిఫండ్ ఉంటే, పోర్టల్‌లో మీరు ముందుగానే వ్యాలిడేట్ చేసి రిఫండ్ కోసం ఎంచుకున్న ఖాతాలోకి నేరుగా జమవుతుంది. ఈ మధ్యలో "క్లెయిమ్ చేసుకోండి" అనే అంచె ఎక్కడా లేదు. శాఖ మెయిల్‌లో గానీ ఫోన్‌లో గానీ కార్డు నంబరు, సీవీవీ, ఏటీఎం పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడగదు. రిఫండ్ విడుదలకు ప్రాసెసింగ్ ఫీజు కట్టమనదు. డబ్బు మీ ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్‌తో పనే లేదు, పిన్ కొట్టారంటే డబ్బు బయటికి పోవడానికే.

ఖాతా వివరాలు కుదరక రిఫండ్ ఆగిపోవడం మాత్రం నిజంగానే జరుగుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి పాన్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉండటం ఒక కారణం. బ్యాంకుల విలీనం ఇంకో కారణం. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, 2025 మేలో ఏపీలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. ఇలాంటప్పుడు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారి పాత వ్యాలిడేషన్ చెల్లకుండా పోవచ్చు. అందుకే "వివరాలు సరిపోలేదు" అన్న మాట చాలామందికి నమ్మశక్యంగా ఉంటుంది. నిజంగా ఆ ఇబ్బంది ఉంటే సరిచేసుకునే చోటు పోర్టల్ ఒక్కటే: లాగిన్ అయ్యి మై ప్రొఫైల్‌లో మై బ్యాంక్ అకౌంట్ తెరిచి రీవ్యాలిడేట్ చేయండి, ఆ తర్వాత సర్వీసెస్‌లో రిఫండ్ రీఇష్యూ అభ్యర్థన పెట్టండి.

2. మీ దారిలో పోర్టల్‌కి వెళ్లండి

బ్రౌజర్‌లో "ఇన్‌కమ్‌ట్యాక్స్.గవ్.ఇన్" అని ఇంగ్లిషులో మీరే టైప్ చేసి, ఒకసారి తెరిచాక బుక్‌మార్క్ పెట్టేసుకోండి. గూగుల్‌లో వెతికి పైన కనిపించింది నొక్కే అలవాటు మానండి, పైన ఉండేది డబ్బులిచ్చి పెట్టించుకున్న ప్రకటన కావచ్చు.

పాన్ నంబరు కొట్టి ముందుకెళ్తే, పాస్‌వర్డ్ అడిగే పేజీలో మీరు గతంలో పెట్టుకున్న సెక్యూర్ యాక్సెస్ మెసేజ్ కనిపిస్తుంది. చాలామంది దాన్ని చదవకుండా టిక్ పెట్టేస్తారు. అది మీరు పెట్టుకున్న వాక్యం కాకపోతే పాస్‌వర్డ్ కొట్టకుండా అక్కడే ఆగిపోండి.

లోపలికి వెళ్లాక ఈ-ఫైల్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, అందులో వ్యూ ఫైల్డ్ రిటర్న్స్ తెరవండి. రిటర్ను ఏ దశలో ఉందో, రిఫండ్ పంపారో లేదో అక్కడ తేదీలతో సహా ఉంటుంది. బాకీ ఉందని, నోటీసు ఇచ్చామని బెదిరించే మెయిల్ అయితే పెండింగ్ యాక్షన్స్‌లో ఈ-ప్రొసీడింగ్స్, రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్ అనే రెండు చోట్లా చూడండి. అక్కడ లేని బాకీ గురించి మెయిల్‌లో ఎంత గద్దించినా పట్టించుకోనక్కర్లేదు.

3. పంపినవాడి పేరు కాదు, అడ్రస్ చూడండి

మెయిల్‌లో పైన కనిపించే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. "ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్" అని పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోన్‌లోని జీమెయిల్ యాప్ ఆ పేరునే చూపించి అడ్రస్‌ను దాచేస్తుంది. పేరు కింద "టు మి" అన్న చోట నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది.

అందులో @ తర్వాత ఉన్నదే చదవండి. శాఖ మెయిళ్లు ఎక్కువగా ఇన్‌కమ్‌ట్యాక్స్.గవ్.ఇన్ నుంచి, సీపీసీవి సీపీసీ.ఇన్‌కమ్‌ట్యాక్స్.గవ్.ఇన్ నుంచి వస్తాయి. @ కి ముందు "రిఫండ్", "సీపీసీ" అని ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు. గవ్.ఇన్ అనే చివర ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇస్తారు. ఒట్టి ".ఇన్" మాత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు, అందుకే చుక్క బదులు అడ్డగీత పెట్టి "గవ్-ఇన్" అని కలిపేసే పేర్లు పుట్టుకొస్తుంటాయి.

ఈ అడ్రస్‌ను కూడా ఫోర్జరీ చేయొచ్చు కాబట్టి, అనుమానం తీరకపోతే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ కుడి మూల మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" ఎంచుకోండి. పైన ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అని, పంపిన అడ్రస్ ఫోర్జరీనా కాదా తేల్చే పరీక్షల వరుసలుంటాయి. ఫెయిల్ అని ఉంటే ఇక చూడక్కర్లేదు. పాస్ అని ఉంటే మాత్రం సంబరపడకండి. ఆ మెయిల్ నిజంగా ఆ డొమైన్ (@ తర్వాత ఉన్న పేరు) నుంచే వచ్చిందని మాత్రమే అది చెబుతుంది. మోసగాడు తాను కొన్న డొమైన్ నుంచి పంపినా పాసే వస్తుంది. పాస్ పక్కన ఏ డొమైన్ పేరుందో చదివితేనే దానికి అర్థం.

4. లింక్‌ను కుడి నుంచి ఎడమకు చదవండి

కంప్యూటర్‌లో అయితే నొక్కకుండా లింక్ మీద మౌస్ పెట్టండి, కింద ఎడమ మూల అసలు అడ్రస్ కనిపిస్తుంది. ఫోన్‌లో లింక్ మీద వేలు అదిమిపట్టి ఉంచితే చిన్న పెట్టెలో చూపిస్తుంది. మెయిల్‌లో కనిపించే నీలి అక్షరాలకూ, లోపలున్న అడ్రస్‌కూ సంబంధం ఉండాలని రూలేం లేదు.

ఇప్పుడు చదివే పద్ధతి. "హెచ్‌టీటీపీఎస్" తర్వాత వచ్చే రెండు గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దాకా ఉన్న ముక్కనే తీసుకోండి. ఆ గీత తర్వాత ఎంత పొడుగున్నా అనవసరం. ఆ ముక్కను చివరి నుంచి వెనక్కి చదవండి. ఉత్తరం మీద అడ్రస్‌లో జిల్లా, రాష్ట్రం చివరన ఉన్నట్టే, వెబ్ అడ్రస్‌లోనూ అసలు యజమాని ఎవరో చివరనే తెలుస్తుంది.

ఉదాహరణకు ఇలాంటిది: "ఇన్‌కమ్‌ట్యాక్స్.గవ్.ఇన్.రిఫండ్-చెక్.టాప్/లాగిన్". ఎడమవైపు అచ్చం ప్రభుత్వ అడ్రస్ ఉంది. కానీ ఏటవాలు గీతకు ముందు చివరన ఉన్నది "రిఫండ్-చెక్.టాప్". యజమాని వాడే. ముందున్న "ఇన్‌కమ్‌ట్యాక్స్.గవ్.ఇన్" అంతా వాడు తన డొమైన్‌కు తగిలించుకున్న ముసుగు. ఫోన్ తెర మీద పొడుగాటి అడ్రస్ చివర తెగిపోయి, ముందు భాగం మాత్రమే కనిపించినప్పుడు ఈ మోసం బాగా పారుతుంది.

ఇంకొన్ని వేషాలు:

- మొదటి ఏటవాలు గీతకు ముందే అడ్రస్‌లో @ ఉంటే, దానికి ముందున్నదాన్ని బ్రౌజర్ సైట్ పేరుగా లెక్కలోకే తీసుకోదు. వెళ్లేది @ తర్వాత ఉన్న సైట్‌కే.
- ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనిపిస్తాయి. ఎల్ బదులు ఒకటి అంకె, ఓ బదులు సున్నా పెట్టడం పాత పద్ధతే అయినా ఇంకా నడుస్తోంది.
- రష్యన్ లిపిలోని "ఎ" మన కంటికి ఇంగ్లిషు "ఎ"లాగే ఉంటుంది. అలాంటి అడ్రస్‌ను బ్రౌజర్ తరచూ "ఎక్స్‌ఎన్" తర్వాత రెండు అడ్డగీతలతో మొదలయ్యే గజిబిజి పేరుగా చూపిస్తుంది. ఆ గజిబిజి కనిపిస్తే మూసేయండి.
- బిట్లీ లాంటి పొట్టి లింకులు, క్యూఆర్ కోడ్‌లు. క్యూఆర్ వాడేది మెయిల్ ఫిల్టర్ల కన్నుగప్పడానికి, పైగా కంప్యూటర్ నుంచి మిమ్మల్ని ఫోన్‌లోకి లాగడానికి.

అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కదా అని నమ్మకండి. మీకూ ఆ సైట్‌కూ మధ్య నడిచే సమాచారం మూడోవాడికి కనిపించదనే దానికి అర్థం. ఆ సైట్ మోసగాడిదే అయితే తాళం వాడి చేతిలోనే ఉంది.

బ్యాంకు పేరుతో వచ్చే మెయిళ్లకు మాత్రం ఇప్పుడు ఒక మంచి గుర్తు దొరికింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 కల్లా ".బ్యాంక్.ఇన్" డొమైన్‌కు మారాలని ఆర్‌బీఐ ఆదేశించింది. ఈ పేర్లను కేటాయించేది హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఆర్‌బీఐ స్థాపించిన సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే, బ్యాంకులకు తప్ప ఇవ్వదు. అడ్రస్ సరిగ్గా ".బ్యాంక్.ఇన్"తోనే ముగియాలి, మధ్యలో ఎక్కడో ఉంటే సరిపోదు.

5. అటాచ్‌మెంట్ల విషయం

అసలు 143(1) ఇంటిమేషన్ పీడీఎఫ్‌గా వస్తుంది, దానికి తాళం ఉంటుంది. పాస్‌వర్డ్ మీ పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంటనే పుట్టిన తేదీ, నెల, నాలుగంకెల సంవత్సరం. ఆ తాళంతో తెరుచుకోకపోతే అనుమానించండి. తెరుచుకుంది కదా అని అందులోని లింకులను కూడా నమ్మేయకండి, పాన్, పుట్టిన తేదీ బయటికి పొక్కిన వాళ్లు తక్కువేం కాదు.

జిప్ ఫైల్ పంపి, "పాస్‌వర్డ్ 1234" అని మెయిల్‌లోనే రాస్తే అది భద్రత కోసం కాదు. తాళం వేసిన జిప్ లోపలికి మెయిల్ సర్వీసు యాంటీవైరస్ చూడలేదు, అందుకే ఆ ఏర్పాటు. హెచ్‌టీఎంఎల్ అటాచ్‌మెంట్ అంటే నకిలీ లాగిన్ పేజీని నేరుగా మీ కంప్యూటర్‌లోనే పెట్టినట్టు. వర్డ్, ఎక్సెల్ ఫైల్ తెరవగానే "ఎనేబుల్ కంటెంట్" నొక్కమంటే నొక్కకండి. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి భాగం దాచేస్తుంది కాబట్టి "నోటీస్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ" అనేది "నోటీస్.పీడీఎఫ్"లా కనిపిస్తుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి పెట్టుకోండి.

అన్నిటికంటే ప్రమాదం ఏపీకే ఫైల్, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైల్. 2021 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్, డ్రినిక్ అనే ఆండ్రాయిడ్ మాల్వేర్ (హాని చేసే యాప్) గురించి హెచ్చరించింది, అప్పటికే అది 27 బ్యాంకుల కస్టమర్ల మీద గురిపెట్టింది. పని ఇలా సాగేది. ఎస్ఎంఎస్‌లో లింక్ వస్తుంది, ఐటీ శాఖ సైట్ లాంటి పేజీ తెరుచుకుని "వెరిఫికేషన్ కోసం" యాప్ దించుకోమంటుంది. యాప్ ఎస్ఎంఎస్‌లు, కాల్స్, కాంటాక్టుల అనుమతి అడుగుతుంది. తర్వాత పాన్, ఆధార్, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ నుంచి కార్డు పిన్ దాకా నింపాలి. చివర రిఫండ్ మొత్తం వేసి "ట్రాన్స్‌ఫర్" నొక్కగానే ఎర్రర్ వచ్చి, అప్‌డేట్ అవుతున్నట్టు తెర కనిపిస్తుంది. మనం ఆ తెర చూస్తూ కూర్చుంటే, వెనకాల మన ఎస్ఎంఎస్‌లు వాడికి చేరుతుంటాయి. ప్లే స్టోర్ బయటి నుంచి ఐటీ శాఖ ఏ యాప్‌నూ దించుకోమనదు.

6. నోటీసు అయితే డిన్‌తో సరిచూడండి

2019 అక్టోబర్ 1 నుంచి ఐటీ శాఖ పంపే నోటీసులు, ఆర్డర్ల మీద డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబర్, అంటే డిన్ ఉంటోంది. పోర్టల్ మొదటి పేజీలోనే క్విక్ లింక్స్‌లో "ఆథెంటికేట్ నోటీస్/ఆర్డర్ ఇష్యూడ్ బై ఐటీడీ" అని ఉంటుంది. లాగిన్ కూడా అక్కర్లేదు. డిన్, మొబైల్ నంబర్ ఇచ్చి ఓటీపీ కొడితే శాఖ రికార్డులో ఉందో లేదో చెప్పేస్తుంది. ఇక్కడ తేలాకే మీ ఆడిటర్‌కు ఫోన్ చేయండి, ఊరికే కంగారు పడటం తగ్గుతుంది.

7. ముందే వేసుకోవాల్సిన గడియలు

మీ చాలా ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్‌లు వచ్చేది మెయిల్‌కే. అందుకని ముందు మెయిల్‌కే గట్టి కాపలా కావాలి. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, వీలైతే పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ వేలిముద్రతోనో లాక్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టండి. తేడా ఏంటంటే, నకిలీ పేజీలో మీరు కొట్టిన ఓటీపీని మోసగాడు అదే నిమిషంలో అసలు సైట్‌లో వాడేసుకోగలడు. పాస్‌కీ మాత్రం అది పుట్టిన డొమైన్‌లో తప్ప పనిచేయదు, నకిలీ సైట్‌లో మీరు ఇద్దామన్నా ఇవ్వలేరు.

పాస్‌వర్డ్ మేనేజర్ కూడా దాదాపు ఇదే కాపలా కాస్తుంది. ఎప్పుడూ దానంతట అదే నింపేది ఈసారి నింపలేదంటే, యాప్ పాడైందనుకోకండి. ముందు అడ్రస్ చూడండి.

ఐటీ పోర్టల్‌లో మై ప్రొఫైల్ కింద ఈ-ఫైలింగ్ వాల్ట్ ఉంటుంది. అందులో నెట్ బ్యాంకింగ్ ద్వారానో ఆధార్ ఓటీపీతోనో తప్ప లాగిన్ కుదరకుండా పెట్టుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల పాన్‌లకు ఇది తప్పకుండా చేయండి. వాళ్ల రిటర్నులు వేరేవాళ్లు వేసిపెడుతుంటే, పోర్టల్‌లో వేసినవాళ్ల మెయిల్, ఫోన్ నంబర్లే ఉండిపోయాయేమో చూసి మార్పించండి. లేకపోతే నిజమైన మెయిల్ పెద్దవాళ్లకు చేరదు, చేరేది నకిలీదే.

8. నొక్కేశారా? వివరాలు ఇచ్చేశారా?

లింక్ తెరిచి ఏమీ నింపకుండా, ఏమీ దించుకోకుండా మూసేస్తే మామూలుగా భయం లేదు. వివరాలు ఇచ్చి ఉంటే వరుస ముఖ్యం.

మొదట బ్యాంకు. కార్డు వెనక ఉన్న నంబరుకు గానీ, యాప్‌లో ఉన్న నంబరుకు గానీ ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. ఈ సమయానికి విలువుంది. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, కస్టమరే పాస్‌వర్డ్ లాంటివి బయటపెట్టుకున్నప్పుడు బ్యాంకుకు చెప్పేదాకా పోయిన సొమ్ము కస్టమర్ మీదే పడుతుంది. చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. సిగ్గుపడి రేపు చెబుదాంలే అనుకుంటే ఆ రాత్రి నష్టం కూడా మీదే.

డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. లావాదేవీ నంబరు, మొత్తం, సమయం, మీ ఖాతా నంబరు చేతిలో పెట్టుకుని చేయండి. సొమ్ము ఏ ఖాతాల్లోకి వెళ్లిందో ఆ బ్యాంకులకు సమాచారం వెళ్లి, డ్రా చేయకముందే ఆపగలిగితే ఆపుతారు. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారిపోతుంది. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి.

ఆ తర్వాత మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, అదీ వేరే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద యువర్ డివైసెస్‌లో మీవి కానివి సైన్ అవుట్ చేయండి, రికవరీ ఫోన్, మెయిల్ మీవేనా చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్స్, ఫార్వర్డింగ్ రెండూ తెరిచి చూడండి. లోపలికి వచ్చినవాడు బ్యాంకు మెయిళ్లన్నీ తనకు ఫార్వర్డ్ అయ్యేలా, మీకు కనిపించకుండా డిలీట్ అయ్యేలా ఒక ఫిల్టర్ పెట్టి వెళ్తాడు. దాన్ని తీసేయకపోతే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది పనిచేస్తూనే ఉంటుంది.

ఏపీకే దించుకుని ఉంటే ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చేయండి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు తీసేస్తే గానీ అన్‌ఇన్‌స్టాల్ కాకపోవచ్చు. ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసేయడమే నిశ్చింత.

పాన్, ఆధార్ ఇచ్చి ఉంటే మీ పేరు మీద ఎవరైనా లోన్ తీశారేమో కొన్నాళ్లు గమనించాలి. మన లోన్ల చిట్టా ఉంచే క్రెడిట్ బ్యూరోలు నాలుగున్నాయి, ఒక్కోటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీసుకోకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కళ్లుపెట్టినట్టుంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడా ఇదే వ్యాపారం ఆ దేశ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పేరుతో నడుస్తుంది. ఐఆర్‌ఎస్ మామూలుగా మొదట పోస్టులో ఉత్తరం పంపుతుంది, వ్యక్తిగత వివరాలు అడుగుతూ తనంతట తాను మెయిల్ చేయదు. నకిలీవి వస్తే ఫిషింగ్@ఐఆర్‌ఎస్.గవ్‌కు పంపండి. వీసా మీద ఉన్నవాళ్లను అక్కడి ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ పేరుతో బెదిరించే మెయిళ్లు వేరు. ఆ సంస్థ అడ్రస్ యూఎస్‌సీఐఎస్.గవ్, చివర ".ఓఆర్‌జీ", ".కామ్" ఉంటే అది ఆ సంస్థ కాదు. ఇండియాలో కూడా రిటర్ను వేసే ఎన్నారైలకు రెండు వైపుల నుంచీ వస్తాయి.

ఫిర్యాదు ఎలా పంపాలి

నకిలీ ఐటీ మెయిల్‌ను వెబ్‌మేనేజర్@ఇన్‌కమ్‌ట్యాక్స్.గవ్.ఇన్‌కు పంపుతూ, కాపీ ఇన్సిడెంట్@సెర్ట్-ఇన్.ఓఆర్‌జీ.ఇన్‌కు పెట్టండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే హెడర్ పోతుంది, వాళ్లకు కావాల్సింది అదే. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్‌కు పైనున్న బటన్ల వరుసలో మూడు చుక్కలు నొక్కి "ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్" ఎంచుకుంటే హెడర్‌తో సహా వెళ్తుంది. ఆపైన మెయిల్ కుడి మూల మూడు చుక్కల్లో "రిపోర్ట్ ఫిషింగ్" నొక్కండి. డబ్బు పోయిన కేసు అయితే మాత్రం మెయిల్‌ను డిలీట్ చేయకండి, పోలీసులు అడుగుతారు.